చలో ఎద్దులగుట్ట

నస్పూర్,
ఏప్రిల్ 9

ఎద్దులగుట్ట విశ్రాంతి గృహం సహాయ పర్యవేక్షకులు శ్రీహరి గారికి,
బొగ్గుబాయి నుంచి రిటైరైన ఆశీర్వాదం తల వంచకుండా రాయునది.

అయ్యా,

ఇది కంప్యూటర్లో చేసుకోవాల్సిన పని అని నాకు తెలుసు. మీ వెబ్‌సైటు తెరిచి కూర్చుంటే గుండ్రంగా ఒక చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది. శ్రీరాంపూర్ బాయిలో దిగి ఎక్కినవాళ్లం, చక్రం ముందు చేతులు కట్టుకొని కూర్చునే అలవాటు మాకు లేదు. ఫోన్ చేద్దామంటే, ఫోన్‌లో అన్న మాటను రేపు "నేనన్ననా?" అనవచ్చు. కాబట్టి కాగితం. యూనియన్‌లో ఉన్నన్నాళ్లూ వినతిపత్రాలన్నీ నా చేతిరాతే. దీని మీద ముద్ర వేసి నకలు ఇప్పించగలరు.

ముప్పై ఏళ్లుగా రిబ్కమ్మ అనే మనిషికి ప్రతి వేసవిలో ఒక హామీ ఇవ్వడం, ఆ హామీని తుంగలో తొక్కడం జరుగుతున్నది. గుట్టలు చూపిస్తామన్నారు. చల్లగాలి అన్నారు. ఒక ఏడు సమ్మె వచ్చింది, ఒక ఏడు లాకౌట్, ఒక ఏడు నిరాహారదీక్ష. యాజమాన్యాలన్నీ ఎండాకాలంలోనే తెగబడితే దానికి ఎవరేం చేస్తారు? కానీ ఆమె ఓపిక నశించింది. "గీ ఎండకాలం గుట్టల మీదికి తోల్కపోతవా, లేకుంటే నన్ను మా తమ్మునింట్ల దింపి నువ్వు నీ జెండ కాడనే ఉంటవా? రెండిట్ల ఒకటి చెప్పు. నేనైతే మల్ల రాను" అని తేల్చేసింది. దీన్ని చివరి హెచ్చరికగా భావిస్తున్నాము.

అందువల్ల మే పన్నెండున పొద్దున్నే నస్పూర్ నుంచి కుటుంబ సమేతంగా యాత్ర బయలుదేరుతున్నది. లక్సెట్టిపేటలో మావాళ్లు మరికొందరు కలుస్తారు. కెరమెరి ఘాట్ మీద రోడ్డు పక్కనే పొయ్యి పెట్టి, వండుకొని, అక్కడే తిని, పాటలు పాడుకుంటూ సాయంత్రానికి ఎద్దులగుట్ట చేరుకుంటాం. మా కోరికలు: రెండు గదులు, వేడినీళ్లు, వరండాలో గుట్టకు ఎదురుగా ఒక కుర్చీ. గదులు ఇచ్చేదాకా గుట్ట దిగేది లేదు.

పోరాటాభివందనాలతో,
ఆశీర్వాదం

తా.క.: రిబ్కమ్మ నా భార్య. పైన రాయడం మరిచాను.

•

సహాయ పర్యవేక్షకుని కార్యాలయం,
ఎద్దులగుట్ట విశ్రాంతి గృహం,
ఏప్రిల్ 16

శ్రీ ఆశీర్వాదం గారి సముఖమునకు,

ఆర్యా,

తమరి ఆందోళన నోటీసు అందినది. ఈ కార్యాలయంలోని పాత సిబ్బంది తమరి చేతిరాతను చూడగానే గుర్తుపట్టి, లేచి నిలబడినారు.

రోడ్డుపై వంటావార్పు, ఘాట్ వెంబడి పాటల ప్రదర్శన, చివరగా విశ్రాంతి గృహం ముట్టడి అను మూడంచెల కార్యక్రమమును పరిశీలించడమైనది. ఇందువల్ల వేసవి పర్యాటకులకు అసౌకర్యం కలుగును. ఉద్యమ నాయకురాలు శ్రీమతి రిబ్కమ్మ గారితో ఎక్కడైనా, ఎప్పుడైనా చర్చలకు ఈ కార్యాలయం సిద్ధముగా ఉన్నది. ఆమె తమరి సతీమణి అని తాజా కలం ద్వారా తెలిసినది. నాయకుల కుటుంబాలు సైతం రోడ్డెక్కినవంటే పరిస్థితి ఎంత తీవ్రమో గ్రహించితిమి.

కావున ఆందోళన విరమించవలసినదిగా కోరుతూ,
భవదీయుడు,
శ్రీహరి

తా.క.: వరండా కిటికీలకు మొన్ననే కొత్త అద్దాలు వేయించితిమి. ఈ సంగతి తమ కార్యకర్తలకు ముందుగా తెలియపరచగలరు.

•

నస్పూర్,
ఏప్రిల్ 20

శ్రీహరి గారికి, మీ జవాబు చదివి, నీళ్లు తాగి, మళ్లీ చదివి ఆశీర్వాదం రాయునది.

అయ్యా,

ఇది ఆందోళన కాదు. వేసవిలో ఒక ఇంటివాళ్లం గుట్టలు చూడ్డానికి వస్తున్నాం, అంతే. మా బామ్మర్ది ప్రేమ్‌చంద్ జీపు నడుపుతాడు. అతని భార్య క్యాథరిన్, మా బిడ్డ ఆరాధన, అల్లుడు జేమ్స్, మనవరాలు సృజన వస్తారు. ఇందులో ముట్టడి ఎవరు చేస్తారు? సృజనకు ఏ చెప్పు ఏ కాలుదో ఇంకా తెలియదు.

నా భార్య నాయకురాలు కాదు.

ఈ వాక్యం రాసి చాలాసేపు ఆగాను. ఎందుకు కాదు? నాయకత్వం అనగానే మీసం కోసం వెతికే ఈ సమాజపు రోగం నాకు కూడా అంటుకున్నదా? ఆడమనిషి వంటింటి పొగలో కళ్లు తుడుచుకుంటూ ఉండాలి, నిర్ణయాలు మాత్రం అరుగు మీద మగవాళ్లు తీసుకోవాలి, అంతేనా? ఒప్పుకోను. ముమ్మాటికీ ఒప్పుకోను. రిబ్కమ్మ నాయకురాలే. మా ఇంట్లో చర్చలు, తీర్మానాలు, హెచ్చరికలు అన్నీ ఆమెవే. కానీ ఉద్యమం లేదు. నాయకురాలు ఉంది, ఉద్యమం లేదు. దీన్ని మీరు సరిగ్గా అర్థం చేసుకోవాలి.

పోతే, పర్యాటకులకు అసౌకర్యం అన్నారు. మేమెవరం మరి? ఏసీ కారులో వచ్చేవాడు పర్యాటకుడూ, జీపులో గిన్నెలేసుకొని వచ్చేవాడు ముట్టడిదారుడూనా? మీ విశ్రాంతి గృహానికి ఆ గుట్ట మీదికి రాళ్లు మోసిందెవరు? మోసినవాడు ఒక్క రాత్రయినా అందులో పడుకున్నాడా? భూమి కింద బొగ్గు తవ్వేవాడు చెమటలో, ఆ బొగ్గుతో తిరిగే ఫ్యాను కింద ఇంకెవడో! చల్లగాలికి కూడా సిఫారసు ఉత్తరం కావాలా? గుట్టను ఎవడు కన్నాడు? ఎవడి జాగీరది?

కోపం వచ్చింది. ఆపుతున్నాను. రెండు గదులు కావాలి.

పోరాటాభి (కొట్టేశాను)
వందనాలతో,
ఆశీర్వాదం

తా.క.: ఈ ఉత్తరం రిబ్కమ్మకు చదివి వినిపించాను. "గదుల ముచ్చట ఏడున్నది?" అని అడిగింది. "ఆఖర్ల ఉన్నది" అన్నాను. "ఆడిదాక ఎవలు చదువుతరయ్యా? ముంగట రాయకపోయినవా?" అన్నది. ఈసారి ముందు రాస్తాను.

•

సహాయ పర్యవేక్షకుని కార్యాలయం,
ఏప్రిల్ 29

పోరాటయోధులు శ్రీ ఆశీర్వాదం గారి సముఖమునకు,

ఆర్యా,

తమరి రెండవ ఆందోళన నోటీసు అందినది. భాష మొదటిదాని కన్నా తీవ్రముగా ఉన్నందున పై అధికారులకు పంపడమైనది. నాయకురాలు ఉన్నట్లు తమరే లిఖితపూర్వకంగా అంగీకరించినారు. ఉద్యమం లేదనుట వ్యూహంలో భాగమని పైవారి అభిప్రాయం. పోరాటాభివందనాలు కొట్టివేయబడి ఉన్నను, కొట్టివేత కింద చదువుటకు వీలుగా ఉన్నవి.

"ఒక ఇంటివాళ్లం గుట్టలు చూడ్డానికి" అను పోరాట రూపం ఈ కార్యాలయ రికార్డులలో లేదు. రాస్తారోకో, మౌనదీక్ష, అర్ధనగ్న ప్రదర్శన, గాడిదకు వినతిపత్రం ఇచ్చుట వరకు ఉన్నవి. కుటుంబ విహారమును ఎట్లా ఎదుర్కొనవలెనో మార్గదర్శకాలు లేనందున, ముందుజాగ్రత్తగా భారీ బందోబస్తు కోరడమైనది. మే పన్నెండు మొదలు బందోబస్తు సిబ్బంది బస నిమిత్తం విశ్రాంతి గృహంలోని గదులన్నియు కేటాయించడమైనది.

కావున ఆ తేదీలలో తమరికి గదులు ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తూ,
భవదీయుడు,
శ్రీహరి

తా.క.: తమరు పేర్కొన్న సృజన గారు విద్యార్థి విభాగమా, యువజన విభాగమా తెలుపగలరు.

•

నస్పూర్,
మే 4

రెండు గదులు.

శ్రీహరి గారికి, మాట ప్రకారం గదుల సంగతి అన్నింటికన్నా ముందు పెట్టి ఆశీర్వాదం రాయునది.

అయ్యా,

మీ ఉత్తరం చదివిన తర్వాత నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. మేం వస్తున్నాం కాబట్టి పోలీసులు వస్తున్నారు. పోలీసులు వస్తున్నారు కాబట్టి మాకు గదులు లేవు. గదులు లేవు కాబట్టి మేం రాము. మేం రాకపోతే పోలీసులు రారు. పోలీసులు రాకపోతే గదులు ఖాళీ. గదులు ఖాళీ అయితే మేం వస్తాం. ఇది చదివి వినిపిస్తే రిబ్కమ్మ, "జర ఆగు, తల తిరుగుతున్నది" అని గోడకు ఒరిగి కూర్చున్నది. అయ్యా, గుట్ట ఎక్కకముందే మా ఆడవాళ్లకు ఘాట్ రోడ్డు కళ్లు తిరుగుడు తెప్పించిన ఘనత మీ కార్యాలయానిదే.

ఇంకొక సంగతి. మీ పైవాళ్ల నోళ్ల నుంచి ఈ వార్త ఎట్లా జారిందో కానీ, కరీంనగర్ దిక్కు నుంచి హనుమండ్లు అనే మరమగ్గాల కార్మికుడు నిన్న నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చంకలో బ్యానర్. "అన్నా, కుటుంబ విహారానికి మా సంఘం మద్దతు" అన్నాడు. "అది ఉద్యమం కాదు తమ్మీ, నేను నా భార్యను తోల్కొని గుట్టకు పోతున్న" అన్నాను.

అతను చాయ్ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "మా ఇంటామె గుట్ట సూడలే అన్నా. నేను సూడలే. మగ్గం ఆగితెనే మాకు సెలవు, మగ్గం ఆగితె పొయ్యి గూడ ఆగుతది. పెండ్లాం పిల్లలను ఏసుకొని చల్లగాలికి పోవుడు ఉద్యమం కాకపోతే ఇంకేంది ఉద్యమం?" అన్నాడు.

ఇన్నేళ్లు మైకు పట్టుకున్నవాణ్ణి, ఇప్పుడు నన్ను నేనే అడుగుతున్నాను. జీతం అడిగాం, బోనసు అడిగాం, ఒక్కనాడయినా గాలి అడిగామా? విశ్రాంతి అంటే బద్ధకమని మనకు నేర్పిన వాళ్లే ఏటా విశ్రాంతికి పోతారు. మీరు కూడా ఆలోచించండి శ్రీహరి గారూ. గుట్ట మీద ఉద్యోగం మీది, నిజమే. మీ ఇంటామెను ఆ వరండాలో ఒక్క పూట కూర్చోబెట్టారా?

బ్యానర్ తీసుకున్నాను. వద్దంటే నొచ్చుకుంటాడని.

గదులు ఉన్నా లేకున్నా పన్నెండున వస్తున్నాం. రాకపోతే నాకు ఇల్లు ఉండదు.

అభివందనాలతో, (ముందర ఏమీ లేదు, చూసుకోండి)
ఆశీర్వాదం

తా.క.: రిబ్కమ్మ నా సంచి మొత్తం దులిపి "అండ్ల జెండ గిట్ల పెట్టినవా?" అని వెతికింది. జెండా లేదు. గిన్నెల కింద మడిచి పరిచిన బ్యానర్‌ను మాత్రం జంపఖానా అనుకున్నది. నేను సరిదిద్దలేదు.

•

కెరమెరి ఘాట్, మూలమలుపు దగ్గరి బండ మీద,
మే 12, మధ్యాహ్నం

శ్రీహరి గారికి, కానిస్టేబుల్ దగ్గర పెన్నూ కాగితమూ అడుక్కొని ఆశీర్వాదం రాయునది.

అయ్యా,

అత్యవసరం. మా జీపు మీ గుట్టకు చేరిందా?

జరిగింది చెబుతాను. పొద్దున నస్పూర్‌లో కదలగానే మా ముందొక పోలీసు జీపు, వెనక ఒక అంబులెన్సు, దాని వెనక నీళ్ల ట్యాంకరు. లక్సెట్టిపేటలో జీపెక్కుతూ క్యాథరిన్, "ఏంది అన్నా, మన ముంగట మంత్రి గిట్ల పోతుండా?" అన్నది. "కాదు, మనమే" అంటే నమ్మలేదు. జన్నారం దాటాక సృజనకు అవసరమై ప్రేమ్‌చంద్ జీపు ఆపాడు. వెనకాముందూ అన్నీ ఆగాయి. ఎస్సై పరుగెత్తుకొచ్చి "డిమాండ్ ఏంది సార్?" అన్నాడు. "పిల్ల ఒంటికి పోతదట" అన్నాను. అతను పక్కకు పోయి వైర్‌లెస్ సెట్టులో "డిమాండ్ నెరవేరింది, యాత్ర శాంతియుతంగ సాగుతున్నది" అని చెప్పాడు.

ఘాట్ మీద రోడ్డు పక్కన మూడు రాళ్లు పెట్టి రిబ్కమ్మ పొయ్యి ముట్టించింది. మాకు రక్షణ అని పోలీసు జీపును రోడ్డుకు అడ్డం పెట్టారు. దాని వెనక ఆసిఫాబాద్ బస్సు ఆగింది. బస్సు వెనక మామిడికాయల లారీ, లారీ వెనక పెండ్లి వ్యాన్. "ఎందుకు ఆపిండ్రు?" అంటే "వంటావార్పు అట" అన్నారు ఎవరో. అయ్యా, ఒక్కరు కూడా తిట్టలేదు. అందరూ దిగారు. కండక్టరు ఉల్లిగడ్డలు కోశాడు. పెండ్లివాళ్లు బగారన్నం గంజు దించారు. పెండ్లిపిల్ల మామిడికాయకు ఉప్పూకారం అద్దుకొని, "మా అత్తగారింటికి పోవుడు ఇంకింత ఆలస్యం చేయిండ్రి" అని ఎస్సైని బతిమాలింది. ఆ బస్సులోంచే హనుమండ్లు, అతని భార్య, ఇరవై ముప్పై మగ్గాల కుటుంబాలు దిగాయి. హనుమండ్లు భార్య గుట్ట అంచున నిలబడి కొంగు గాలికి వదిలేసి, "ఇంత గాలి ఉంటదా!" అన్నది.

సరిగ్గా అప్పుడు గిన్నెల కింద నుంచి బ్యానర్ బయటికొచ్చింది. "అందరికీ గుట్టలు! అందరికీ చల్లగాలి!" రిబ్కమ్మ దాన్ని చదివింది. నన్ను చూసింది. మళ్లీ చదివింది.

"అన్నా, రెండు మాటలు చెప్పుండ్రి" అన్నారు జనం. నేను రిబ్కమ్మ వైపు చూశాను. "రెండే" అని వేళ్లు చూపించింది. చెప్పులు విడిచి బండ ఎక్కాను.

గాలితో మొదలుపెట్టాను. రాళ్లు మోసినవాళ్ల దగ్గరికి వచ్చాను. అక్కడి నుంచి మగ్గం, మగ్గం నుంచి బాయి, బాయి నుంచి బడ్జెట్. ఏం మాట్లాడానయ్యా! కానిస్టేబుళ్లు కూడా చప్పట్లు కొట్టి, ఎస్సై చూస్తే చేతులు దులుపుకున్నట్టు నటించారు. ముగించి, "అందుకే నా భార్య రిబ్కమ్మ" అని చెయ్యి చాపితే అటు ఎవరూ లేరు. జీపు లేదు. గిన్నెలు లేవు. పొయ్యి మీద నీళ్లు చల్లి ఉన్నాయి. నా చెప్పులు మాత్రం ఒక రాయి మీద, ముందు దిక్కు నస్పూర్ వైపు తిప్పి, పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

ఆమె గుట్టకు వచ్చిందా, తమ్మునింటికి తిరిగిపోయిందా? ఇప్పుడు నేను అడుగుతున్నది గదులు కాదు. ఆమె ఎక్కడున్నదో చెప్పండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఆశీర్వాదం

తా.క.: జనం మళ్లీ బండ ఎక్కమంటున్నారు. మీ జవాబు వచ్చేదాకా ససేమిరా ఎక్కను.

తా.క. రెండోది: ఎక్కి దిగాను.

•

ఎద్దులగుట్ట,
మే 13, పొద్దున

ఆశీర్వాదం అన్నకు, వరండాలో కూర్చొని శ్రీహరి రాయునది.

అన్నా,

తమరి నాలుగవ ఆందోళన నోటీసు, అనగా ఉత్తరం, కానిస్టేబుల్ చేతుల మీదుగా అందినది. ఫికర్ చేయకండి. రిబ్కమ్మ గారు నిన్న సాయంత్రమే ఇక్కడికి చేరుకొన్నారు. చర్చలు జరిగినవి. విఫలమగుటకు ఈ కార్యాలయానికి అవకాశం ఇవ్వలేదు.

ఆమె వచ్చేసరికి గదుల నిండా బందోబస్తు సిబ్బంది ఉన్నారు. "మీరెవలు బిడ్డా?" అని అడిగారు. "బందోబస్తుకొచ్చినం అవ్వా" అన్నారు వాళ్లు. "ఎవల బందోబస్తు?" "ఆశీర్వాదం అని ఒకాయన ఉన్నడట, ఆయనకు." "ఆయన ఆడ ఘాట్ మీద బండెక్కి మాట్లాడుతుండు. మీరీడ మంచాల మీద ఏం జేస్తుండ్రు?" అన్నారు. సిబ్బంది ఒకరి మొఖం ఒకరు చూసుకొని, బూట్లు వేసుకొని, మొత్తం తమరి దగ్గరికే వచ్చినారు. ఇప్పుడు తమరి చుట్టూ నిలబడినది వారే.

గదులు ఖాళీ అయినవి. ఖాళీ అయిన గదులు అడిగినవారికి ఇవ్వవలెనని నిబంధన ఉన్నది. రిబ్కమ్మ గారు అడిగినారు. ఇచ్చితిమి. అడుగుటకు ఆమెకు ఒక్క వాక్యం సరిపోయినది. తమరి ఉత్తరాల తర్వాత అంత చిన్న వాక్యం వినుట ఈ కార్యాలయానికి అలవాటు తప్పినది.

రాత్రి ఆమె వండిన కోడికూర తిన్నాను. తమరు అడిగిన ప్రశ్న మనసులో గుచ్చుకొని ఉండెను గనుక, మా ఇంటామె మమతారాణిని కూడా పిలిపించితిని. ఈ గుట్ట మీద ఉద్యోగం మొదలైన నాటి నుంచి ఆమె వరండాలో కూర్చున్నది నిన్ననే. లేపితే లేవడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. తమరు ఆందోళన విరమించినచో బందోబస్తు సిబ్బంది బస కోసం తిరిగి ఇక్కడికే వచ్చెదరు. వారి పేరిట గదుల కేటాయింపు ఇంకను రద్దు కాలేదు. తమరు ఇక్కడికి వచ్చినా వారు తమరి వెన్నంటి వచ్చెదరు, ఎందుకనగా వారు తమరి కోసమే వచ్చినారు. కావున రిబ్కమ్మ గారి సమక్షంలో, ఈ కార్యాలయం ఏకగ్రీవంగా తమరిని కోరునది ఏమనగా: ఎట్టి పరిస్థితులలోను ఉద్యమం విరమించరాదు. ఇంకను తీవ్రతరం చేయగలరు. మా మద్దతు ఉన్నది.

పోరాటాభివందనాలతో,
శ్రీహరి

తా.క.: ఈ కాగితం కింది జాగా రిబ్కమ్మ గారు అడిగినారు. ఇస్తున్నాను.

ఏమయ్యా, టిఫిన్‌ల కూర పంపిన, కానిస్టేబుల్‌కు గూడ పెట్టు. రాత్రి జల్లు పడ్డది. పొద్దుగాల లేచి తలుపు తీస్తె మబ్బు వాకిట్లకొచ్చి నిలవడ్డది, నేను రమ్మంటెనే లోపటికొస్తనన్నట్టు. సృజన దాన్ని పట్టుకుంటనని ఉరుకుతుంటె జేమ్స్ ఎనుక ఉరుకుతుండు. నేను ఏం జేయకుంట కూసున్న. ఏం జేయకుంట కూసునుడు గింత మంచిగుంటదని నువ్వు ఒక్క మీటింగుల గూడ చెప్పకపోతివి. నువ్వు పక్కన ఉంటె ఇంకింత మంచిగుండు, అది నిజం. నీ మీద కోపం పోయింది, తమ్మునింటికి పోను. కని నువ్వు రాకు. నువ్వొస్తె వాళ్లంత వస్తరు. నాలుగు దినాలు ఆ బండ దిగకు. గట్టిగనే మాట్లాడు, కని గిక్కడిదాక ఇనవడొద్దు.